చిప్పలు ఎండబెట్టిన ఎండాకాలం

ముందే ఒప్పేసుకుంటాను. నా నోట్లో పడితే ఆవగింజ గుమ్మడికాయ అవుతుంది, గుమ్మడికాయ పెనుకొండ అవుతుంది. మా ఇంట్లోవాళ్లు నేను చెప్పే ఏ లెక్కనైనా నాలుగుతో భాగించి నమ్ముతారు. మా ఆవిడ ఎనిమిదితో. కాబట్టి ఈ కింది సంగతులను ఎవరి ఓపికను బట్టి వాళ్లు భాగించుకోవచ్చు. ఒక్క మాట. ఇందులో ఒకే ఒక్క విషయం మాత్రం పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర్లో నేనే చెప్తాను. ముందే కనిపెట్టినవాళ్లకు బహుమతి ఏమీ లేదు.

మొన్న మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముక్కుకు ఆనించి, "నాన్నా, చూడు ఎంత బాగుందో, రెట్రో" అంది. గళ్లుగళ్లుగా ఉన్న మనిషి ఒకడు గళ్లుగళ్లుగా ఉన్న మెట్లెక్కుతున్నాడు. ఇప్పుడు ఆ గళ్లు కావాలనే పెడతారట, అందం కోసం. "ఇట్లాంటి ఆటను మేం హిందూపురంలో మిద్దె మీద ఎండబెట్టి తయారుచేశాం" అన్నాను. అమ్మాయి లేచి వెళ్లిపోయింది. భాగించడానికి కూడా నిలబడలేదు. అందుకే రాస్తున్నాను.

హిందూపురంలో చింతపండు మండీల వెనక సందులో భాయ్ దుకాణం ఉండేది. ముందువైపు టీవీలు, రేడియోలు బాగుచేసే బల్ల. వెనకవైపు గోనెపట్టా పరదా. పరదా వెనక టీవీ గేమ్ డబ్బా. ఆ సందులోకి అడుగుపెడితే పచ్చి చింతపండు పులుపు, బెల్లం అచ్చుల తీపి, సోల్డరింగ్ పొగ ఘాటు మూడూ కలిసి ముక్కులో చారు కాచేవి. ఇప్పటికీ ఎక్కడైనా వైరు కాలిన వాసన వస్తే నాకు నోట్లో నీళ్లూరతాయి.

భాయ్ ఎంత సన్నగా ఉండేవాడంటే టీవీ బాగుచేయడానికి మూత విప్పేవాడు కాదు, పక్క సందులోంచి లోపలికి దూరేవాడు. షాకు కొట్టడం ఆయనకు కాఫీ తాగడంతో సమానం. చచ్చిన క్యాసెట్టును తీసుకుని దాని మూతిలో ఒక్కసారి ఊదితే అది లేచి కూర్చునేది. మేం ఊదితే ఉమ్ము తప్ప ఏమీ వెళ్లేది కాదు.

ఆ క్యాసెట్ల అట్టల మీద 'తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఆటలు' అని రాసి ఉండేది. లోపల చూస్తే ఏడు. నాకు గొప్పలు చెప్పడం నేర్పిన గురువులెవరని అడిగితే నేను ఆ అట్టకే దణ్ణం పెడతాను. పక్కవాడు గెలుస్తున్నప్పుడు కాలి బొటనవేలితో డబ్బా మీది రీసెట్ బటను నొక్కడం మాత్రం నా సొంత విద్య.

ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలం అది. అప్పటికే ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. డబ్బాను తయారుచేయడం మానేశారు. కొత్త క్యాసెట్టు కోసం భాయ్ బెంగళూరు సందులన్నీ తిరిగి, ఉత్త చేతులతోనూ రెండు కిలోల దుమ్ముతోనూ తిరిగొచ్చాడు. పరదా వెనక నేనూ రెండు బల్లులూ మిగిలాం.

అప్పుడు పెద్ద భాయ్ దిగాడు. భాయ్‌కి అన్న. పెనుకొండలో సైకిల్ టైర్ల దుకాణం. హిందూపురం దుకాణం గది ఆయనదే. పరదా ఎత్తి చూశాడు.

"ఏమప్పా, దీనికి కొత్త క్యాసెట్టు వచ్చి ఎన్నేండ్లాయె?"

భాయ్ బల్లి వైపు చూశాడు. బల్లి నా వైపు చూసింది.

"కొత్తది రాని బండికి గరాజు యాల? ఈ జాగాలో సెల్లు రీచార్జి పెట్టుకో. ఈ డబ్బా పాత ఇనుమోనికి ఇచ్చేయ్."

"అన్నా, ఒక్క నెల. కొత్త క్యాసెట్టు తెస్తా."

"యాడనుంచి తెస్తావు? ఆకాశంలోంచా?"

"తెస్తా అన్నా."

"సరే. వచ్చే నెల మొదటి శుక్రవారం పెనుకొండకి పట్టుకొనిరా. నాకు మళ్లా మళ్లా రావడానికి మోకాళ్లు లేవు. ఎవరూ చూడని ఆట అయ్యుండాల. అది చూసి జనం నిలబడల్ల. లేదంటే ఇనుమోడే."

ఆయన పోయాక భాయ్ చాలాసేపు డబ్బాను తుడుస్తూ కూర్చున్నాడు. "చచ్చిన టీవీని బతికిచ్చినోణ్ణి. రేపట్నుంచి కూకోని గోరుతో రీచార్జి కార్డులు గీకాలంట" అన్నాడు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే, ఇంత పెంచి చెప్పే నేను కూడా దాన్ని పెంచలేను.

ఆకాశంలోంచే వచ్చింది. బస్టాండు దగ్గర నెట్ సెంటరులో ఒక పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయంలో ఉగ్గాణి, నాలుగు బజ్జీలు తిని, చేతులు కడుక్కుని, మళ్లీ ఆకలి పుట్టించుకోవచ్చు. అలా తెరుచుకున్న ఒక పేజీలో చూశాను. మా డబ్బాకు ఇంకా కొత్త ఆటలు రాస్తున్నవాళ్లు ఉన్నారు! కంపెనీలు కాదు. ఇంట్లో కూర్చుని, ఉత్త సరదాకు. జర్మనీలో ఒకాయన, బ్రెజిల్‌లో ఒకాయన. ఎలా రాయాలో, చిప్పుల్లో ఎలా ఎక్కించాలో, పాత క్యాసెట్టు కడుపు కోసి వాటిని ఎలా అమర్చాలో అంతా పటాలు గీసి మరీ పెట్టారు. ఆ కాగితాలన్నీ ప్రింటు తీయించి భాయ్ బల్ల మీద వేస్తే బల్ల కాలు విరిగింది.

డబ్బాలోని మెదడుకు తెలిసిన మాటలు మొత్తం యాభై ఆరు. మా మేనమామకు అన్ని కూడా తెలియవు, అయినా రెండుసార్లు వార్డు మెంబరయ్యాడు. నేను ఆ యాభై ఆరు మాటలూ బట్టీపట్టాను. భాయ్ ఆ పటం చూసి, విరిగిన రేడియో ముక్కలతో చిప్పుల్లోకి ఆట ఎక్కించే పనిముట్టు ఒకటి కట్టేశాడు. ఆట ఎక్కాల్సింది రెండు చిప్పుల్లో. ఒకటి బుద్ధికి, ఒకటి బొమ్మలకు.

చిప్పులెక్కడివి? సెల్లులు వచ్చి ఎస్టీడీ బూతులు మూతపడుతున్న కాలం. వాటిలో బిల్లు కొట్టే మిషన్లు భాయ్ దుకాణంలో ఒక మూలన గుట్టగా పడి ఉన్నాయి. వాటి లోపల సరిగ్గా మాకు కావాల్సిన రకం చిప్పులు. నల్లటి ఒళ్లు, రెండువైపులా కాళ్లు, నడుమున చిన్న గాజు కిటికీ. ఆ కిటికీలోంచి ఎండ బాగా తగిలితే పాత రాత చెరిగిపోతుంది. అప్పుడు కొత్తది రాయొచ్చు. దీనికి వేరే దీపం కొనాలి, లేదా వారం రోజులు మంచి ఎండలో పెట్టాలి అని జర్మనీ ఆయన రాశాడు. నేను ఆయనకు మెయిల్ పెట్టాను, మా ఊరి ఎండ ఎలాంటిదో వర్ణిస్తూ. "నువ్వు అదృష్టవంతుడివి" అని జవాబొచ్చింది. హిందూపురం ఎండాకాలాన్ని అదృష్టం అన్న మనిషి భూమ్మీద ఆయనొక్కడే.

మా మిద్దె మీద అప్పటికే ఎండకు ఒక అధికారి ఉంది. మా అవ్వ. నాలుగు చీరలు పరిచి, వాటి మీద బియ్యప్పిండి సండిగలు, పేలపిండి సండిగలు, గుమ్మడికాయ వడియాలు పెట్టి, వేపకట్టె పట్టుకుని కాకుల మీద యుద్ధం చేస్తుండేది. జిల్లాలోని కాకులన్నీ ఆ నెలలో మా మిద్దె మీదికే బదిలీ వేయించుకునేవి. నేను ఒక పళ్లెంలో చిప్పులు పెట్టి సండిగల పక్కన దించాను.

"ఏమిరా అవి?"

"చిప్పులు అవ్వా."

"చిప్పలా? నిన్ను ఇంటరు చదివిచ్చింది చిప్ప చేత పట్టుకోడానికా?" పళ్లెంలోకి వంగి చూసింది. "కాళ్లుండాయి. నడుమున ఒక కన్నుండాది. జెర్రి పిల్లల మాదిరి ఉండాయి కదరా. యాడ పట్టినావు వీటిని?"

"ఎస్టీడీ బూతులో."

"అట్లాంటి తావుల్లో ఇట్లాంటివే ఉంటాయిలే. పెట్టు. నేను చూసుకుంటా."

చూసుకుంది. వారం తర్వాత నేను మిద్దెక్కి చూస్తే, ఒక చిప్పును కాకి ఎత్తుకుపోయింది. బుద్ధి కోసం పెట్టిన చిప్పు పైకి చూస్తూ బాగా చెరిగింది. బొమ్మల చిప్పు మాత్రం బోర్లా పడుకుని ఉంది, కన్ను నేలకేసి, కాళ్లు ఆకాశానికేసి.

"ఇదెవరు తిప్పినారు?"

"నేనే. సండిగైనా జెర్రైనా ఒకపక్కే ఎండితే బూజు పడతాదిరా. రెండోరోజే తిప్పేసినా. మిగతావి కూడా తిప్పుదామనుకుంటే కాకి వచ్చె."

మళ్లీ మొదట్నుంచి వారం. నేను తల పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అవ్వ నన్ను పట్టించుకోలేదు. ఒక కాకిని బెదిరించి, ఇంకో కాకి దొంగచూపును పట్టుకుని, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు... అరగంట చూసేసరికి నాకు ఆట దొరికింది. మిద్దె, సండిగలు, కాకులు, కట్టె పట్టుకున్న ముసలమ్మ. లోకంలో ఎవరూ చూడని ఆట. బుద్ధి చిప్పులో దాన్ని రాసేశాను. బొమ్మలు లేవు గనక అప్పటికి అవ్వ ఒక చదరం, కాకి ఒక చుక్క. చదరం కదిలేది, చుక్క ఎగిరేది. భాయ్ దాన్ని చూసి, "ఆట బాగుండాది. అవ్వ ఇటికరాయి మాదిరి ఉండాది" అన్నాడు.

బొమ్మల కోసం ధర్మవరం వెళ్లాను. అక్కడ మా మేనత్త, అంటే అవ్వ కూతురు, పట్టుచీరల అంచులకు నమూనాలు గీసేది. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపి, ఆ లెక్కన అట్టలకు రంధ్రాలు కొడితే, ఆ అట్టలు మగ్గం మీద తిరిగి చీరలోకి నెమళ్లు దిగేవి. డబ్బాలో బొమ్మ కూడా గడుల లెక్కే. నేను అంతా వివరించి, చివర్లో భయపడుతూ చెప్పాను.

"అత్తా, ఒక బొమ్మకి మూడు రంగులే."

"మూడు రంగుల్తో నేను నెమల్నే దించినా. ముసల్ది ఎంత?" అంది అత్త. "ఎవరా ముసల్ది?"

"అవ్వే."

అత్త పెన్సిలు కింద పెట్టి, నవ్వి నవ్వి, మగ్గం గుంతలో పడబోయింది. తర్వాత కాగితం తీసుకుంది. "ఒక సంగతి తెలుసునా అల్లుడా? మగ్గం మీద చీర ముఖం కిందికుంటాది. మనకి పైన కనపడేది వీపు. అందుకే పెండ్లికూతురి పేరు నెయ్యాలంటే అక్షరాలు తిప్పి గీయాల. మరిచిపోతే పెండ్లిలో అందురూ అద్దం పెట్టుకొని చదవాల" అంది. నేను బుద్ధిమంతుడిలా తలూపాను.

గురువారం మధ్యాహ్నం హిందూపురం వస్తున్న చీరల షావుకారు చేతికిచ్చి అత్త బొమ్మలూ, ఆట పేరూ గీసిన కాగితం పంపింది. బొమ్మల చిప్పు కూడా ఆ సాయంత్రానికే పూర్తిగా చెరిగింది. నేను గడులన్నీ అంకెలుగా మార్చి పెట్టాను. శుక్రవారం పొద్దున భాయ్ వాటిని చిప్పులోకి ఎక్కించాడు. చివరి అంకె ఎక్కిందో లేదో కరెంటు పోయింది. టీవీలో పెట్టి చూసుకునే వీలు లేదు. చిప్పును క్యాసెట్టులో గుచ్చి, దాని మూతైనా బిగించకుండా, డబ్బాను సంచిలో వేసుకుని, ప్యాసింజరు రైలుకు పరుగెత్తాం.

రైలు కదిలాక భాయ్ గావుకేక పెట్టాడు. "కిటికీ!" చిప్పుల గాజు కళ్లు మూయడం మరిచాం, కిటికీలోంచి ఎండ మా ఒళ్లో ఉన్న క్యాసెట్టు మీద పడుతోంది. ఎదురుగా గాజులు, రిబ్బన్లు అమ్మే ఆమె దగ్గర పెద్దసైజు బొట్టుబిళ్లల అట్ట ఒకటి కొని, రెండు చిప్పులకూ బొట్లు పెట్టాం. పెనుకొండలో మా క్యాసెట్టు పెళ్లికూతురిలా దిగింది.

పెద్ద భాయ్ దుకాణంలో టైర్లు పైకప్పు నుంచి దండల్లా వేలాడుతున్నాయి. జుమ్మా నమాజు ముగించుకుని వచ్చిన జనం, సైకిళ్లకు గాలి పట్టించుకోవడానికొచ్చిన జనం, ఏమిటో తెలియకుండానే ఆగిన జనం, వెరసి రెండు వేల మంది. భాగించుకోండి. అత్త ధర్మవరం నుంచి చిత్రాన్నం డబ్బాతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. భాయ్ డబ్బాను దుకాణంలోని టీవీకి తగిలించి, క్యాసెట్టు మూతిలో ఊదాడు. అంత మెల్లగా ఊదడం నేను ఎన్నడూ చూడలేదు.

తెర వెలిగింది. పేరు పడింది. ఎవరికీ అర్థం కాలేదు.

"ఇదేం భాషప్పా? కన్నడమా?"

"కన్నడం కాదు, నాకు కన్నడం వస్తాది."

నా గుండె టైరు పంచరైనట్టు చప్పుడు చేసింది. అక్షరాలు తిరగబడ్డాయి!

"ఉండండప్పా" అన్నాడు పెద్ద భాయ్, కళ్లద్దాలు సర్దుకుని. "మేము కుడి నుంచి ఎడమకి చదివేటోళ్లమే కదా." వేలు పెట్టి కుడివైపు నుంచి కూడబలుక్కున్నాడు. "కా... కు... ల... అవ్వ." జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. డబ్బాకు వైరుతో వేలాడే బటన్ల పలక చేతిలోకి తీసుకుని కుడి బటను నొక్కాడు.

మిద్దె మీదికి అవ్వ వచ్చింది. కట్టె ఉంది, కొప్పు ఉంది, ముక్కు దగ్గర ఒకే ఒక్క తెల్లచుక్క, ముక్కుపుడక. అచ్చం మా అవ్వ. కుడివైపుకు కదిలింది, ఎడమవైపు చూస్తూ. వెనక్కి నడుస్తోంది. ఎటు నొక్కితే అటు వీపు పెట్టి పోతోంది.

"ఏమిది? ముసలామె ఎనక్కి పోతాంది?"

నవ్వులు ఆగిపోయాయి. భాయ్ ముఖంలో నాకు రీచార్జి కార్డులు కనిపించాయి. వరసగా, గీకడానికి సిద్ధంగా. నా నోరు, ఆ పెద్ద నోరు, మూతపడిపోయింది.

జరిగిందేమిటంటే, మా అత్త మగ్గం అలవాటు కొద్దీ బొమ్మలన్నీ తిప్పి గీసేసింది. నేను కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. ఇంత పెద్ద అక్షరాలు తిరగబడి ఉంటే నీకు కనబడలేదా అని మీరు అడగొచ్చు. కనబడలేదు. అంతే.

అత్త లేచి నిలబడింది. "తప్పు నాదన్నా. మగ్గం అలవాటు, తిప్పి గీసేసినా" అంది. అని, గొంతు పెంచింది. "అయినా మా యమ్మ అట్లే నడుస్తాది. కాకికి వీపు చూపితే సండిగ దక్కుతాదా? మిద్దె మీద ఈ కొన నుంచి ఆ కొనకి పోవాలన్నా కాకి మింద కన్నేసి ఎనక్కే పోతాది. మీ ఇండ్లల్లో ముసలోళ్లు ముందుకు చూసి నడుస్తారా ఏమి?"

పెద్ద భాయ్ తెర వైపు చూశాడు.

"అది నిజమే" అన్నాడు. "మా అమ్మీ కూడా మిరపకాయలు ఎండబెట్టినప్పుడు ఇట్లే నడిచేది."

మళ్లీ నొక్కాడు. వెనక్కి నడుస్తున్న అవ్వను నడపడం, మీసాల్లో నవ్వు దాచడం కన్నా కష్టం. కుడికి పోదామని కుడి నొక్కితే చూపు ఎడమకుంటుంది, కట్టె ఎడమకే లేస్తుంది. కాకి వచ్చి సండిగ ఎత్తుకుపోయింది. "ఓరి నీ!" అన్నాడు పెద్ద భాయ్. ఇంకో కాకి. "పట్టుకో, పట్టుకో, ఆ దొంగముండను!" మూడో కాకికి ఆయన కుర్చీలోంచి లేచాడు. మోకాళ్లు లేవన్న మనిషి! ఓడిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. వెనకనుంచి జనం, "కుడికి పోయి ఎడమకి కొట్టు అన్నా", "ఎడమకి పోయి కుడికి కొట్టు అన్నా", "ముందు మాకియ్యి అన్నా". సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడేదాకా ఆయన పలక వదల్లేదు. వదిలిన మరుక్షణం దాని మీద పదకొండు చేతులు పడ్డాయి. వరస దుకాణం దాటి, వీధి దాటి, కొండ సగం దాకా ఎక్కింది.

నమాజుకు దుకాణం మెట్లు దిగబోతూ పెద్ద భాయ్ వెనక్కి తిరిగాడు. "సెల్లు కౌంటరు ముందు బల్ల మీద పెట్టుకో. ఆ డబ్బాని మాత్రం జరిపినావంటే కాళ్లిరగ్గొడతా."

భాయ్ నన్ను నడుము పట్టుకుని పైకెత్తాడు. ఆ సన్నటి చేతుల్లో అంత బలం ఎక్కడిదో! నా తల పైన వేలాడుతున్న టైరులో దూరింది. అట్లా దండ వేయించుకుని నేను పెనుకొండ ప్రజలకు నమస్కారం చేశాను. అత్త అందరికీ చిత్రాన్నం పంచింది. రెండు వేల మందికి ఒకే డబ్బా సరిపోయింది.

ఆట డబ్బా ఆ పరదా వెనక ఇంకా చాలా ఏళ్లు ఆడింది. సంతరోజు చిలమత్తూరు నుంచి గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు గొర్రెల్ని సందులో కట్టేసి ఆడేవాళ్లు. అవ్వ కూడా ఒకసారి వచ్చి చూసింది. తనను తాను చాలాసేపు చూసుకుని, "కట్టె ఇంకా కొంచెం పొడుగుండాల" అంది. ఆటను జర్మనీ ఆయనకు పంపాను. రాత్రంతా ఆడి జవాబు రాశాడు. ఆమెను వెనక్కి నడిపించాలన్న ఆ గొప్ప ఆలోచన ఎవరిదని అడిగాడు. నాదే అని రాశాను.

ఇక కల్పించిన భాగం. రెండు వేల మందీ, కొండ సగం దాకా వరసా మీరు ఎలాగూ భాగించుకున్నారు. చిప్పును కాకి ఎత్తుకుపోవడం నిజం. చిప్పులకు బొట్లు నిజం. అత్త తిప్పి గీసిందన్నది అబద్ధం. అత్త తిన్నగానే గీసింది. గీసి, కాగితం పైన మూలన ఎర్ర పెన్సిలుతో రాసింది కూడా: 'ఇది టీవీకి. తిప్పొద్దు.' నేను దాన్ని చదివాను. మగ్గం సంగతి నాకు తెలుసు గదా, టీవీకి కూడా అట్లే తిప్పాలని, అది అత్తే మరిచిపోయి ఉంటుందని అనుకున్నాను. చదివే తిప్పాను.

పెనుకొండలో తెర వెలగగానే అత్తకు తెలిసిపోయింది. లేచి నిలబడే ముందు ఒక్కసారి నా వైపు చూసింది.